పొలిమేరలు దాటిన పలక

మార్కాపురం పలక మీద ఓనమాలు దిద్దినవారు ఒక తరం క్రిందట ఆంధ్రదేశంలో ఊరూరా కనబడేవారు. నల్లమల తూర్పు అంచున భూమి పొరలలో దొరికే ఆ నల్లరాతిని త్రవ్వి, పలుచగా చీల్చి, అంచులు కోసి, నునుపు చేసి, కొయ్యచట్రంలో బిగించి పిల్లవాని చేతికి అందించేవరకు ఎన్ని చేతులు మారవలెనో ఉపాధ్యాయులు బడులలో చెబుతూనే వచ్చినారు. అయితే ఆ పలక ఎన్ని పొలిమేరలు దాటినదో, ఒక్కొక్క పొలిమేర వద్ద దాని ధరకు ఏమి చేరినదో చెప్పే పాఠం వాచకాలలో అరుదు. సరుకునకు రెండు ప్రయాణాలు ఉన్నవి. ఒకటి బండి మీద దారి వెంట సాగే ప్రయాణం. రెండవది కచేరీలలో కాగితం మీద సాగే ప్రయాణం. మొదటిది ఆలస్యమైతే కంటికి కనబడుతుంది. రెండవది ఆలస్యమైతే ధరలో మాత్రమే కనబడుతుంది. గడచిన పదేండ్లలో దేశంలో సుంకపు పొలిమేరలు మారిన తీరును పరిశీలించేవారు ఈ రెండవ ప్రయాణాన్ని మరువరాదు.

ఇటువంటి పరిశీలనకు అర్ధవీడు వంటి ఊరెందుకని ఎవరైనా అడుగవచ్చును. అది రేవుపట్టణం కాదు, రెండు రాజ్యాల నడుమ నిలిచిన ఠాణా కాదు. పడమట నల్లమల, తూర్పున మార్కాపురం, ఆగ్నేయాన కంభం చెరువు, వీని నడుమ ఉన్న మండల కేంద్రం అది. వర్షం మీద ఆశ పెట్టుకొన్న మెట్టసీమ. సరిగా అందువలననే ఈ ఊరు తగిన ఉదాహరణ అవుతున్నది. పొలిమేరలో నివసించేవానికి సుంకం ఒక దృశ్యం. దూరాన నివసించేవానికి అది ఒక ధర. ఇక్కడి పత్తి, మిర్చి, కంది బయటి అంగళ్లకు పోవలసినవే. ఎరువు, ఇనుము, మందు, బట్ట బయటినుండి ఇక్కడికి రావలసినవే. రైతు అమ్మేటప్పుడు బాడుగ తీసివేసి ధర కడతారు. అతడే కొనేటప్పుడు బాడుగ కలిపి ధర చెబుతారు. రెండు వైపులా బాడుగను మోసేది ఈ సీమయే. కాబట్టి దారిలో ఎక్కడ లారీ ఆగినా, ఆ ఆగుటకు మూల్యం చివరకు ఇక్కడ చెల్లుతుంది.

ఈ ప్రాంతానికి పొలిమేరల చరిత్ర క్రొత్తది కాదు. 1800 లో నిజాము కుంఫిణీవారికి వదలిన దత్తమండలాలలో ఇది చేరినది. 1970 లో ఒంగోలు కేంద్రంగా క్రొత్త జిల్లా ఏర్పడేవరకు కర్నూలు జిల్లాలో ఉండినది. ఆ జిల్లాకు ఉత్తరపు హద్దులైన కృష్ణా తుంగభద్రలే చాలకాలం నిజాము రాజ్యానికి దక్షిణపు హద్దులు. రైలు రాకపూర్వం తూర్పు సముద్రతీరపు ఉప్పును లంబాడీలు పెరికెద్దుల మీద వేసుకొని నల్లమల కనుమల గుండా ఎగువ సీమలకు తీసికొనిపోయేవారు. మరలి వచ్చేటప్పుడు ధాన్యమో పత్తియో తెచ్చేవారు. కనుమలో పులిభయం ఒకటి, కనుమ మొదట సుంకరిభయం మరొకటి. తెలుగువారి సామెతలలో సుంకరి వద్ద సుఖదుఃఖాలు చెప్పుకొనుట అన్నది వృథాప్రయాసకు గుర్తుగా నిలిచిపోవుటకు ఇట్టి అనుభవాలే కారణం. సామెత ఊరక పుట్టదు. వేలమంది ఒకే బాధను ఒకే తీరుగా పడినప్పుడు పుడుతుంది.

అయితే సుంకమన్న మాట ఎల్లప్పుడూ పీడకు పర్యాయపదం కాదు. ఈ సీమలో పుట్టిన గుండ్లకమ్మ ఏ సముద్రంలో కలుస్తున్నదో ఆ తీరాననే మోటుపల్లి రేవు ఉన్నది. అక్కడ కాకతీయ గణపతిదేవుడు 1244 లో వేయించిన అభయశాసనం దక్షిణదేశ వర్తక చరిత్రలో మిక్కిలి గొప్ప పత్రాలలో ఒకటి. గాలివానకు కొట్టుకొని వచ్చి ఒడ్డెక్కిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతాన లాగుకొనేవారనీ, తాను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప మరేమియు తీసికొననని వర్తకులకు అభయమిస్తున్నాననీ ఆ శాసన తాత్పర్యం. దిగుమతి ఎగుమతులపై ముప్పదింట ఒక వంతు సుంకమని అందులో లెక్క కూడ చెప్పినాడు. చందనం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం మొదలైన సరుకుల పేర్లు అందులో ఉన్నవి. తరువాత 1358 లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే రేవులో అటువంటి అభయాన్నే మరల ప్రకటించినాడు. శ్రీనాథుని హరవిలాసం కృతిగా అందుకొన్న అవచి తిప్పయసెట్టి దేశదేశాల సుగంధద్రవ్యాలను తెప్పించి కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు సమకూర్చినాడని సాహిత్య విద్యార్థులకు తెలిసినదే. ఆ కర్పూరపు పరిమళం వెనుక రేవులోని నిర్ణీత సుంకం ఉన్నదని మాత్రం తరచుగా ఎవరూ తలపరు.

గణపతిదేవుడు సుంకాన్ని రద్దు చేయలేదు. దానికి హద్దు గీసినాడు. వర్తకునికి భయం సుంకం వలన కలగదు. ఎంత కట్టవలెనో, ఎవరికి కట్టవలెనో, కట్టిన తరువాత మరల ఎవరు అడుగుతారో తెలియకపోవుట వలన కలుగుతుంది. ముప్పదింట ఒక వంతు అని ముందే తెలిసిన వర్తకుడు దానిని లెక్కలో వేసుకొని ఓడ నింపుతాడు. తెలియనివాడు నష్టం కూడ ఉజ్జాయింపుగా కలుపుకొని ధర పెంచుతాడు, లేదా ఆ రేవుకే రాడు. ఈ సూత్రం 1244 లో ఎంత నిజమో నేడును అంతే నిజం. ఇటీవలి మార్పులను తూచుటకు ఇంతకంటె మంచి తూనికరాయి లేదు.

కుంఫిణీ పాలన తొలినాళ్లలో దేశపు లోపలి సుంకాలు వర్తకాన్ని ఎంత కుంగదీసినవో ఆనాటి ఆంగ్లాధికారులే వ్రాసినారు. చెన్నపట్టణపు రాజధానిలో ఈ దారిసుంకాలను 1844 లో ఎత్తివేసినారు. ఉత్తరాన మాత్రం ఉప్పుసుంకం కొరకు సింధునది మొదలు మహానది వరకు రమారమి 2,300 మైళ్ల పొడవున ఒక సుంకపు గీత నిలిచినది. దానిలో పెద్దభాగం ముళ్లకంచె. దానికి కావలి సుమారు 12,000 మంది. ఒక దేశంలో ఉప్పును ఒక పక్కనుండి మరొక పక్కకు పోనీయకుండుటకు చెట్లు నాటి పెంచిన విచిత్రమది. 1879 లో ఆ గీతను విడిచిపెట్టినారు. కంచెకు నీరుపోసి పెంచిన శ్రమతో ఎన్ని బాటలు వేయవచ్చునో ఊహించుట విద్యార్థులకు మంచి అభ్యాసం.

తెలుగువారికి ఇంకను దగ్గరి ఉదాహరణ నిజాము పొలిమేర. 1802 లో కుంఫిణీవారికీ నిజాముకూ కుదిరిన వర్తకపు ఒడంబడిక సరుకులపై సుంకాన్ని నూటికి అయిదుగా నిర్ణయించినది. ఆ తరువాత నూటయేబది ఏండ్ల వరకు కృష్ణకు ఆ ఒడ్డున కరోడ్‌గిరీ వారి నాకాలు ఉండినవి. భాష ఒకటి, బంధుత్వం ఒకటి, నది ఒకటి. సరుకుకు మాత్రం రెండు దేశాలు. 1956 నవంబరు 1 న ఆంధ్రప్రదేశ్ అవతరణతో ఆ రెండు ఒడ్లు ఒకే పాలన క్రిందికి వచ్చినవి.

రైలుకథ దీనికంటె విచిత్రమైనది. నేడు కంభం, మార్కాపురం రోడ్డు, గిద్దలూరు స్టేషన్ల మీదుగా పోయే లైను పూర్వం మీటరుగేజి లైను. క్షామకాలంలో మెట్టసీమలకు ధాన్యం చేర్చుట దాని ముఖ్యోద్దేశాలలో ఒకటి. అది బెజవాడనుండి గుంతకల్లుకు, అక్కడినుండి హుబ్లి, లోండాలకు పోయి, పడమటి కనుమలు దిగి మార్మగోవా రేవును చేరినది. ఆ రేవు పోర్చుగీసువారిది. 1878 డిసెంబరులో ఇంగ్లండు, పోర్చుగల్లు ఒక సంధి చేసికొన్నవి. 1880 జనవరి మొదలు పండ్రెండేండ్లపాటు గోవాకూ బ్రిటిషు ఇండియాకూ నడుమ సుంకపు పొలిమేర ఉండదు. గోవాలోని ఉప్పు తయారీపై ఇంగ్లీషువారికి అధికారం ఉంటుంది. అందుకు ప్రతిఫలంగా ఏటా నాలుగు లక్షల రూపాయలు చెల్లిస్తారు. దక్కను పత్తీ ధాన్యమూ అడ్డులేకుండా మార్మగోవాకు పోవునన్న ఆశతో ఘాట్‌లు తొలిచి లైను వేసినారు. లైను పూర్తియై బండ్లు నడిచి నాలుగేండ్లు కాకమునుపే, 1892 లో, సంధి గడువు తీరిపోయినది. దానిని మరల పొడిగించలేదు. ఈ ప్రక్క కాజిల్‌రాకులో, ఆ ప్రక్క కొల్లెంలో సుంకపు కచేరీలు మరల తెరచినారు. రైలుమార్గపు హామీవడ్డీ మాత్రం పోర్చుగీసు ఖజానాకు చిరకాలభారమై నిలిచినది.

ఈ కథకు రెండవ అధ్యాయం కూడ కలదు. స్వతంత్రానంతరం గోవా విమోచనోద్యమం తీవ్రమైనప్పుడు 1955 లో ఆ సరిహద్దున రైళ్లు ఆగిపోయినవి. 1961 డిసెంబరులో గోవా భారతదేశంలో చేరిన తరువాతనే ఆ పట్టాలకు మరల ప్రాణం వచ్చినది. నేడు వాస్కోడగామాకు పోయే అమరావతి ఎక్స్‌ప్రెస్సు ఇదే నల్లమల దారిన గిద్దలూరు మీదుగా సాగుతున్నది. అందులో కూర్చున్న ప్రయాణికునకు కాజిల్‌రాకు వద్ద తన పెట్టె విప్పి చూపవలసిన అవసరం లేదు. సంధులు పండ్రెండేండ్లు ఉండవచ్చును. పట్టాలు నూరేండ్లు ఉంటవి. పొలిమేరలు మార్చే చేతికీ త్రోవలు వేసే చేతికీ కాలపు లెక్క వేరువేరుగా ఉన్నంతకాలం నష్టం త్రోవ మీద ఆధారపడినవానికే.

ఇక వర్తమానానికి వద్దము. 1950 లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగం 301వ అధికరణంలో దేశమంతట వర్తకవాణిజ్యాలు స్వేచ్ఛగా సాగవలెనని చెప్పినది. కాని ఆ వెనుక వచ్చిన అధికరణాలు రాష్ట్రాలకు పన్నులు వేసే, నిబంధనలు పెట్టే అధికారాన్ని విడిచినవి. అందువలన రాష్ట్రపు హద్దులలో వాణిజ్యపన్నుల శాఖవారి చెక్‌పోస్టులు వెలసినవి. వెదురుబొంగు అడ్డముగా దించిన ఆ గేటు ముందు లారీలు బారులు తీరుట, డ్రైవరు బిల్లుల కట్ట పట్టుకొని దిగుట, క్లీనరు టైరు క్రింద రాయి పెట్టి పొయ్యి ముట్టించుట లారీదారులందరికీ పరిచితమైన దృశ్యాలు. ఒక రాష్ట్రంనుండి మరొక రాష్ట్రంలోని వర్తకునికి అమ్మిన సరుకుపై కేంద్ర అమ్మకపు పన్ను ఉండేది; సి ఫారము చూపితే నూటికి రెండు, చూపకపోతే అంతకంటె ఎక్కువ. ఈ రెండు రూపాయలను తప్పించుకొనుటకు పెద్ద కంపెనీలు ప్రతి రాష్ట్రంలోనూ ఒక గిడ్డంగి పెట్టి, అమ్మకంగా కాక తమ సరుకునే తాము పంపుకొన్నట్లు వ్రాసుకొనేవి. గిడ్డంగి ఎక్కడ ఉండవలెనో దారి, కొనుగోలుదారు, అంగడి నిర్ణయించలేదు, పన్ను నిర్ణయించినది.

2014 జూన్ 2 న తెలుగు రాష్ట్రాలు రెండైనవి. నిన్నటివరకు ఒక ఇంటి సరుకు నేడు పొరుగింటి సరుకైనది. గుంటూరునుండి హైదరాబాదుకు పోయే మిర్చి, హైదరాబాదునుండి మార్కాపురానికి వచ్చే మందుల పెట్టె, ఒక్క రాత్రిలో రాష్ట్రాంతర వాణిజ్యంలో చేరినవి. పూర్వపు పర్మిట్లు చెల్లిన గడువు తీరిన తరువాత 2015 ఏప్రిల్ 1 నుండి తెలంగాణ ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్ రవాణా వాహనాలపై ప్రవేశపు పన్ను విధించినది. ఆ వెనుకనే ఆంధ్రప్రదేశమూ అదే పని చేసినది. కృష్ణ ఒడ్డున ఆరు దశాబ్దాల క్రిందట మూసిన గవిని మరొక పేరుతో తెరచుకొన్నట్లయినది. రాజకీయ నిర్ణయపు మంచిచెడ్డలు ఇక్కడ ప్రస్తుతం కాదు. పొలిమేర గీచినంతనే బాడుగలో దాని నీడ పడుతుందన్నదే గమనింపదగినది.

మూడేండ్లకు గాలి మరల మళ్లినది. 2016 లో 101వ రాజ్యాంగ సవరణ జరిగి, 2017 జూలై 1 న వస్తుసేవల పన్ను అమలులోనికి వచ్చినది. మూడవ నాటికి 22 రాష్ట్రాలు వాణిజ్యపన్నుల చెక్‌పోస్టులను ఎత్తివేసినవి. ముళ్లకంచె పోయిన 138 ఏండ్లకు వెదురుబొంగు కూడ పోయినదన్నమాట. దీని ఫలితం చిన్నది కాదు. లారీ ఒక నెలలో తిరిగే తిరుగుళ్లు పెరిగితే అదే లారీ, అదే డ్రైవరు, అంతే అప్పు మీద ఎక్కువ బరువు మోయవచ్చును. రాష్ట్రానికొక గిడ్డంగి అవసరం తీరిపోయి, నాలుగైదు రాష్ట్రాలకు కలిపి ఒక పెద్ద గిడ్డంగి చాలునన్న లెక్క వచ్చినది. సరుకు నిలువలు తగ్గినవి; నిలువల మీద వడ్డీ తగ్గినది. దారిలో జరిగే పనులకు, గేటు వద్ద చేతులు తడుపుటకు పూర్వం పట్టిన ఖర్చులో కొంత మిగిలినది. దేశంలోపల ఒకే అంగడి అన్న రాజ్యాంగవాక్యం మొదటిసారిగా రోడ్డు మీద కనబడినది.

అయినను గవిని మాయమైనంత మాత్రాన సుంకరి మాయమైనాడని తలచరాదు. అతడు గేటు వద్దనుండి లేచి కాగితంలోనికి వచ్చి కూర్చున్నాడు. 2018 ఏప్రిల్ 1 నుండి రాష్ట్రం దాటే సరుకు విలువ 50,000 రూపాయలు మించితే ఈ-వే బిల్లు తప్పనిసరి అయినది. పంపేవాడు, పుచ్చుకొనేవాడు, సరుకు, విలువ, లారీ నంబరు అన్నీ అందులో ఉండవలెను. దానికి ఆయుష్షు కూడ కలదు. మొదట దినానికి నూరు కిలోమీటర్ల చొప్పున లెక్కించినారు. 2021 జనవరి నుండి రెండు వందల చొప్పున అయినది. బండి పాడై గడువు తీరితే పొడిగించుకొనవలెను. లేకున్న దారిలో తనిఖీ చేసే అధికారి బండిని ఆపవచ్చును. 2022 జనవరి నుండి అమలైన సవరణ ప్రకారం, యజమాని ముందుకు వచ్చినప్పుడు, పన్ను గల సరుకుపై జరిమానా ఆ పన్నుకు రెండింతలు. పూర్వం గేటు ఉన్నచోట మాత్రమే భయం ఉండేది. నేడు గేటు లేదు. కాని కాగితంలో తప్పు దొరలితే దారి పొడుగునా గేటే.

పెద్ద కంపెనీకి ఇది భారం కాదు. అక్కడ లెక్కలు చూచేవారు, యంత్రాలు, న్యాయవాదులు ఉన్నారు. వేయి లారీల మీద ఒక గుమాస్తా జీతం పంచితే లారీకి పైసలలో పడుతుంది. నెలకు ఒక లారీ నింపే చిన్న కార్ఖానాదారునికి అదే గుమాస్తా జీతం ఒక్క లారీ మీద పడుతుంది. బరువును బట్టి ఉండే బాడుగ పెద్దవానికీ చిన్నవానికీ ఇంచుమించు ఒకటే. కాగితాన్ని బట్టి ఉండే ఖర్చు అట్లు కాదు. అది చిన్నవాని మీదనే ఎక్కువ బరువుగా కూర్చుంటుంది. ఇదియే ఈ మార్పులో పైకి కనబడని విషయం.

మార్కాపురపు రాతినే తీసికొని చూడవచ్చును. బడిపిల్లల పలకకూ బలపానికీ వస్తుసేవల పన్ను మినహాయింపు ఉన్నది. మినహాయింపు గల సరుకు కాబట్టి దానికి ఈ-వే బిల్లు కూడ అక్కరలేదు. ఆ పలక కర్ణాటకకు పోయినా, ఒరిస్సాకు పోయినా స్వేచ్ఛగా పోతుంది. కాని పలకను కొనే పిల్లలు తగ్గినారు. కాగితపు పుస్తకాలు, రేకు పలకలు, ప్లాస్టిక్ పలకలు దాని చోటు ఆక్రమించినవి. అందువలన ఈ పరిశ్రమ బ్రతుకుటకై అదే రాతిని గోడలకూ నేలకూ పరచే బిళ్లలుగా కోయవలసి వచ్చినది. బిళ్లకు పన్ను ఉన్నది. పన్ను ఉన్నప్పుడు కాగితమూ ఉన్నది. చట్టం ప్రకారం పన్ను గల సరుకును రాష్ట్రం దాటించి అమ్మేవాడు సాధారణంగా మొదటి రూపాయి అమ్మకంనుండియే రిజిస్ట్రేషను పొందవలెను. తన రాష్ట్రంలోపలనే అమ్ముకొనేవానికి మాత్రం కొంత మేరవరకు మినహాయింపు ఉన్నది. 2019 ఏప్రిల్ నుండి ఆ మేరను ఎక్కువ రాష్ట్రాలు నలుబది లక్షలకు పెంచినప్పుడు ఆంధ్రప్రదేశమూ పెంచినది. తెలంగాణ ఇరువది లక్షల వద్దనే నిలిచినది. అనగా బళ్లారిలోనో హైదరాబాదులోనో కొనుగోలుదారు ఉన్న చిన్న బిళ్లల కార్ఖానాదారునకు రాష్ట్రపు హద్దు ఇంకను ఉన్నది. అది నేల మీద లేదు, చట్టపుస్తకంలో ఉన్నది. ఒకే రాయి, ఒకే గని, ఒకే ఉలి. పలకైతే పొలిమేర లేదు, బిళ్లయితే పొలిమేర ఉన్నది.

ఇందుకు ఎదురువాదం లేకపోలేదు. తనిఖీ లేని దారి నిజాయితీపరునికే కాక దొంగసరుకుకూ దారియే అవుతుందని పన్నుల శాఖలవారు అంటారు. దొంగలెక్క వ్రాసేవాడు పన్ను ఎగవేసి తక్కువ ధరకు అమ్మితే, పన్ను కట్టే చిన్నవర్తకుడే మొదట దెబ్బతింటాడు. రాష్ట్రాలు తమ పన్నుల స్వాతంత్ర్యాన్ని కొంత వదలుకొని ఈ ఏర్పాటుకు ఒప్పుకొన్నవి. వాని నష్టాన్ని భర్తీ చేస్తామని కేంద్రం ఇచ్చిన అయిదేండ్ల హామీ 2022 జూన్‌తో తీరిపోయినది. బడులు, ఆసుపత్రులు, చెరువుల మరమ్మతులు ఈ పన్నులతోనే సాగవలెను. అర్ధవీడు వంటి మండలానికి ప్రభుత్వం ఇచ్చేది, అది ప్రభుత్వానికి ఇచ్చేదానికంటె ఎక్కువ కావలెను. కాబట్టి పన్ను రాబడి తగ్గుట ఈ సీమకు మేలు కాదు. ఈ వాదంలో సత్యం ఉన్నది. కనుక వివాదం తనిఖీ ఉండవలెనా వద్దా అన్నది కాదు. తనిఖీ ఖర్చును ఎవరు మోయవలెనన్నది.

ఈ ప్రశ్న ఒక్క భారతదేశానిదే కాదు. ఐరోపా సుంకసమితినుండి వెడలిన ఇంగ్లండు 2021 జనవరి 1 నుండి క్రొత్త పొలిమేరలోనికి ప్రవేశించినది. రెండు పక్షాల నడుమ కుదిరిన ఒప్పందం ప్రకారం, ఆయా దేశాలలో తయారైనవని రుజువైన సరుకులపై సుంకం లేదు. సుంకం లేకపోయినను సుంకం లేదని రుజువు చేసే కాగితాలు కావలసివచ్చినవి. పెద్ద సంస్థలు గుమాస్తాలను పెంచుకొన్నవి. చిన్న ఎగుమతిదారులలో కొందరు ఐరోపాకు పంపుటయే మానుకొన్నారు. సున్న సుంకం అంటే సున్న ఖర్చు కాదని ఆ దేశం ఆలస్యంగా తెలిసికొన్నది. మార్కాపురపు బిళ్లకూ అచ్చటి జున్నుగడ్డకూ కలిగిన కష్టం ఒకటే.

వెలుపలి పొలిమేరల మాట చెప్పనక్కరలేదు. 2025 ఆగస్టులో అమెరికా భారతదేశపు సరుకులలో పెక్కింటిపై అదనపు సుంకాన్ని మొదట నూటికి 25 గాను, అదే నెల 27 నుండి 50 గాను పెంచినది. ఆంధ్రతీరపు రొయ్యల రైతు చెరువులో పిల్ల వదలినప్పుడు ఉన్న సుంకం వేరు, పట్టుబడినాటికి ఉన్న సుంకం వేరు. పొదిలి, కనిగిరి వేలంకేంద్రాలలో పొగాకు అమ్ముకొనే పశ్చిమ ప్రకాశపు రైతు కూడ విదేశాల కొనుగోలు మీద ఆధారపడినవాడే. పైరు నాలుగు నెలల వ్యవహారం, సుంకం ఒక సంతకపు వ్యవహారం అయినప్పుడు రైతు లెక్క ఎన్నటికీ కుదరదు. గణపతిదేవుని శాసనాన్ని ఇక్కడ మరల స్మరింపవలసి ఉన్నది. రేవులో రాతిస్తంభం మీద లెక్క చెక్కించుటకు కారణం, అది రేపు మారదని చూపుటయే గదా!

పొలిమేరలు తొలగించే పని ఇంకను సాగుతున్నది. 2025 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం రవాణాశాఖ చెక్‌పోస్టులను మూసివేసినది. ఇది సంతోషింపదగినదే. అయితే మూసిన గేట్ల సంఖ్యతో మాత్రమే ఫలితాన్ని కొలువరాదు. మార్కాపురపు చిన్న కార్ఖానాదారుడు తన మొదటి లారీని పొరుగు రాష్ట్రానికి పంపుటకు ఎన్ని దినాలు, ఎంత ఖర్చు పడుతున్నదన్నదే సరియైన కొలత. రాష్ట్రంలోపల అమ్మేవానికి ఇచ్చిన మినహాయింపులో కొంతైన రాష్ట్రం దాటి అమ్మే చిన్నవానికి ఇవ్వవచ్చును. మండల కేంద్రాలలో ఈ కాగితాలు నింపి ఇచ్చే సహాయకేంద్రం, అక్షరపు తప్పుకూ ఎగవేతకూ ఒకే శిక్ష పడకుండా చూచే విచక్షణ, రేట్లు మార్చేటప్పుడు ఒక పంటకాలమైనా ముందుగా తెలిపే నియమం అసాధ్యమైనవి కావు. వీనికి క్రొత్త రోడ్లు అక్కరలేదు, క్రొత్త గేట్లు అక్కరలేదు. ఖర్చును మోయగలవాని భుజం మీదికి కొంత జరుపుట మాత్రమే కావలెను.

ఉపాధ్యాయులకు ఇందులో ఒక పాఠం సిద్ధంగా ఉన్నది. తరగతిలో ఒక వస్తువును, పలకనో ఉప్పు పొట్లాన్నో, బల్ల మీద పెట్టి అది వచ్చిన దారిని పటం మీద గీయించవచ్చును. ఆ దారిలో 1844 కు పూర్వం, 1956 కు పూర్వం, 2017 కు పూర్వం ఎక్కడెక్కడ ఆగవలసి వచ్చేదో గుర్తులు పెట్టించవచ్చును. భూగోళమూ చరిత్రా లెక్కలూ ఒకే పలక మీద కలుస్తవి. రాజ్యాంగంలోని ఒక అధికరణం తన ఊరి సంతలోని ధరతో ఎట్లు ముడిపడి ఉన్నదో విద్యార్థి ఒక్కసారి గ్రహిస్తే, వార్తాపత్రికలో సుంకమన్న మాట కనబడినప్పుడు పుట తిప్పివేయడు.

నల్లమల కనుమలో పెరికెద్దుల డెక్కల జాడలు చెరిగిపోయినవి. కరోడ్‌గిరీ నాకాలు పోయినవి, కాజిల్‌రాకు కచేరీ మూతపడినది, వెదురుబొంగు లేచిపోయినది. నేల మీద గీసిన పొలిమేరలను తుడుచుట మనుష్యులకు ఇంచుమించు చేతనైనది. కాగితం మీద గీసిన పొలిమేరను పలక మీది అక్షరం వలె తడిగుడ్డతో తుడువలేము. దానిని ముందుగా చదువవలెను, తరువాత దిద్దవలెను. ఆ చదువు అర్ధవీటి బడిలో మొదలైనా తప్పులేదు. దాని వెల చెల్లిస్తున్నది ఆ ఊరే గనుక.